గాలిలో సన్నదుమ్ము: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో ఢిల్లీ పొగమంచు చూపించినప్పుడల్లా "మనం నయం" అనుకుంటాం. ఢిల్లీతో పోల్చుకుంటే నిజమే. కానీ దేశంలో గాలి ప్రమాణాలు అందుకోలేకపోతున్న నగరాలంటూ కేంద్రం తయారుచేసిన జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు. తెలిసినవాళ్లు, బంధువులు, మా వీధిలో పిల్లల తల్లులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఒకటుంది: దుమ్ముకంటే పొగకి ఎక్కువ భయపడాలి, అందులోనూ మన ముక్కుకి దగ్గరగా మండే పొగకి.

పీఎం 10, పీఎం 2.5 అంటే ఏమిటి?

గాలిలో తేలుతుండే ఘన, ద్రవ కణాలన్నిటినీ కలిపి పార్టిక్యులేట్ మ్యాటర్ అంటారు, పొట్టిగా పీఎం. పక్కనున్న అంకె కణం సైజు. పది మైక్రాన్లు, అంతకంటే చిన్నవన్నీ పీఎం 10. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. పీఎం 10 లెక్కలో పీఎం 2.5 కూడా కలిసే ఉంటుందని గుర్తుపెట్టుకోండి, రెండూ వేరువేరు డబ్బాలు కావు.

గాలిలో ఇవి ఎంతున్నాయో ఘనపు మీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని చెబుతారు. మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 40, ఒక రోజు సగటు 60 దాటకూడదు. పీఎం 10కి ఇవే హద్దులు 60, 100. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇంకా కిందికి దించింది: పీఎం 2.5 ఏడాది సగటు 5, రోజు సగటు 15. కాబట్టి "మన ప్రమాణంలోపే ఉంది" అంటే ఒంటికి ఏమీ కాదని అర్థం చేసుకోకూడదు.

కంటికి కనపడే దుమ్మే కదా ప్రమాదం?

చాలామంది పొరబడేది ఇక్కడే. రైస్ మిల్లు దగ్గర కాపురం ఉండేవాళ్లని అడగండి. డాబా మీద ఆరేసిన తెల్ల పంచె మీద సాయంత్రానికి నల్లటి నలకలు పడి ఉంటాయి. దులిపితే రాలవు, వేలితో రుద్దితే గీతలా సాగుతాయి. అది బాయిలర్‌లో కాలిన ఊక బూడిద. చిరాకు పుట్టించేది అదే, గొడవలు అయ్యేదీ దాని గురించే. కానీ పంచె మీద పడిందంటే అది బరువైన కణం, గాలిలో నిలవలేక రాలిపోయింది. ఒకవేళ పీల్చినా చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, చీదితే బయటికి వస్తుంది.

అదే చిమ్నీ నుంచి అదే నిమిషంలో బయటికొచ్చిన సన్న కణాలు పంచె మీద పడవు. రోజుల తరబడి గాలిలోనే ఉంటాయి, కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి వస్తాయి, ఊపిరితిత్తుల్లో గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకి కూడా దిగుతాయి. ఇంత సన్నవి ఎక్కువగా ఏదో ఒకటి మండితేనే పుడతాయి: డీజిల్, బొగ్గు, కట్టె, గడ్డి, ప్లాస్టిక్. మట్టి నలిగినా, రాయి పగిలినా వచ్చేవి ఎక్కువగా పెద్ద కణాలు.

సముద్రం పక్కనే ఉన్నాం కదా, గాలి కొట్టుకుపోదా?

కొట్టుకుపోతుంది, కానీ రోజంతా కాదు. పొద్దెక్కాక నేల వేడెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది, సాయంత్రం దాకా ఊరిని కడిగినట్టు శుభ్రం చేస్తుంది. రాత్రికి అది ఆగిపోతుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, నేలనంటుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పైకి లేవదు. రాత్రి వదిలిన పొగంతా ఆ కింది పొరలోనే ఉండిపోతుంది. అందుకే తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిది గంటల దాకా గాలి బాగుండదు. ఆరోగ్యం కోసమని ట్రంక్ రోడ్డు పక్కన చీకటితో వాకింగ్ చేసేవాళ్లు సరిగ్గా ఆ సమయంలోనే నడుస్తున్నారు. చలికాలంలో ఎండ వచ్చాక నడవడం, లేదా రోడ్డుకి దూరంగా ఏదైనా కాలేజీ గ్రౌండ్‌కి మారడం మంచిది.

మరి ఢిల్లీలో అంత ఘోరంగా ఎందుకు ఉంటుంది?

ఢిల్లీకి సముద్రం లేదు. ఉత్తరాన హిమాలయాలు అడ్డం, చలికాలంలో గాలి దాదాపు కదలదు, ఇందాక చెప్పిన చల్లగాలి పొర అక్కడ మరీ కిందికి దిగుతుంది. ఏడాది పొడవునా వదిలే పొగ కొంచెం అటూఇటూగా అంతే, కానీ చలికాలంలో అది కలిసిపోవడానికి చోటుండదు. దానికి తోడు అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్లు కాలుస్తారు. ఆ మధ్యలోనే దీపావళి వస్తుంది. టీవీలో ఆ మంటలే చూపిస్తారు కాబట్టి మొత్తం తప్పు రైతుదే అన్నట్టు ఉంటుంది. ఆ కొన్ని వారాలు అది నిజంగానే పెద్ద కారణం. డిసెంబరు, జనవరిల్లో పొలాల్లో మంటలు ఉండవు, గాలి మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు వాహనాలు, ఇటుక బట్టీలు, ఫ్యాక్టరీలు, చెత్త మంటలు, చలి కాచుకునే మంటలు, బొగ్గు కరెంటు ప్లాంట్లు అన్నీ కలిసి ఆ పని చేస్తాయి.

ఇంకో మూలం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బొగ్గు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టినప్పుడు వాయువులే. గాలిలో ప్రయాణిస్తూ, యూరియా వేసిన పొలాల నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమ్మోనియాతో కలిసి సన్న కణాలుగా మారతాయి. వీటిని ద్వితీయ కణాలు అంటారు. చిమ్నీ నుంచి బూడిద ఒక్క రవ్వ కూడా రాకపోయినా ఆ చిమ్నీ పీఎం 2.5ని పుట్టించగలదు, అదీ వందల కిలోమీటర్ల అవతల.

ఐఐటీ కాన్పూర్ వాళ్లు ఢిల్లీ మీద చేసిన అధ్యయనం 2016లో బయటికొచ్చింది. ఎవరు ఎంత వదులుతున్నారని లెక్క కడితే పీఎం 2.5లో రోడ్డు దుమ్ము 38 శాతం, వాహనాలు 20 శాతం అని తేలింది. కానీ చలికాలంలో గాలిని పట్టి రసాయన పరీక్ష చేస్తే రోడ్డు దుమ్ము వాటా బాగా తగ్గిపోయి, ద్వితీయ కణాలు, కట్టె గడ్డి పొగ, వాహనాల పొగ పైకి వచ్చాయి. జనం నిజంగా పీల్చేది ఏమిటో ఆ రెండో లెక్క చెబుతుంది.

మిగతా పెద్ద నగరాల సంగతి?

చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు బొగ్గు ప్లాంట్లు, మణలి రిఫైనరీ, పోర్టు ఉన్నాయి. గాలి అటునుంచి వీచిన రోజు ఉత్తర చెన్నై ఇబ్బంది పడుతుంది. విశాఖ చుట్టూ కొండలు, మధ్యలో పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు. హైదరాబాద్‌లో వాహనాలు, కట్టడాల దుమ్ము, చెత్త మంటలు. మనవాళ్ల పిల్లలు సగంమంది ఈ ఊళ్లలోనే చదువులకో ఉద్యోగాలకో ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకి రూము చూసేటప్పుడు మెయిన్ రోడ్డు మీద కాకుండా రెండు వీధులు లోపలికి చూడండి. రోడ్డు అంచు నుంచి వంద, రెండు వందల మీటర్లు జరిగినా డీజిల్ పొగ బాగా తగ్గుతుంది.

సరే, మన దగ్గర ఎక్కడి నుంచి వస్తోంది?

ఊళ్లో అయితే వాహనాలు, తవ్వి వదిలేసిన రోడ్లు, ఇళ్ల పనులు, చెత్త మంటలు, హోటళ్ల కట్టెల పొయ్యిలు. చెన్నై–కోల్‌కతా హైవే రెండు ఊళ్లనూ ఆనుకునే పోతుంది, లారీల పొగ రాత్రింబగళ్లు ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లకి బీఎస్-6 అనే పొగ ప్రమాణం వచ్చి, డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో పది భాగాలకి) దిగింది. కొత్త బండ్లు నిజంగానే నయం. కానీ ఇసుక, కంకర, మట్టి తోలే పాత టిప్పర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నల్లటి పొగ కక్కే ఒక్క పాత ఇంజిను ఎన్నో కొత్త బండ్లకి సమానం.

ఊరు దాటితే మన రెండు జిల్లాలకీ సొంత మూలాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కింద రాస్తున్నాను, ఎందుకంటే ఢిల్లీ గురించి చదివింది ఇక్కడ చాలదు.

కృష్ణపట్నం బొగ్గు వల్ల ఎంత?

ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, మూడు 800 మెగావాట్ల యూనిట్లు, మొత్తం 2,400 మెగావాట్లు. చుట్టుపక్కల ప్రైవేటు బొగ్గు ప్లాంట్లు కూడా ఉన్నాయి. బొగ్గు ఓడల్లో కృష్ణపట్నం పోర్టుకి దిగుతుంది.

చిమ్నీలు రెండు వందల మీటర్లకు పైన ఎత్తుంటాయి, లోపల బూడిదని కరెంటుతో పట్టే ఈఎస్పీ యంత్రాలుంటాయి. అవి సరిగ్గా పనిచేస్తే 99 శాతానికి పైగా బూడిద అక్కడే ఆగిపోతుంది. ఆగనివి వాయువులు. అవి చాలా దూరం పోయి కణాలుగా మారతాయి కాబట్టి ఆ భారం ముత్తుకూరు ఒక్కదాని మీదే పడదు.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోజూ పడే బాధ వేరు. పట్టా (టార్పాలిన్) కప్పని బొగ్గు లారీ, ప్లాంటు బూడిదని నీళ్లతో కలిపి నిలవ ఉంచే బూడిద చెరువు తడి ఆరిపోవడం, బూడిద తోలే టిప్పర్ల నుంచి రోడ్డు మీద రాలింది మళ్లీ మళ్లీ టైర్ల కింద నలిగి లేవడం. ఎండాకాలం పడమర గాలి వీస్తే ఆరిన బూడిద చెరువు పైనుంచి తెల్లటి తెర లేస్తుంది. ఇవన్నీ ఆపగలిగినవే. చెరువు ఎప్పుడూ తడిగా ఉంచాలి, బూడిదని మూసిన ట్యాంకర్లలో పంపాలి, గేటు దాటేముందు లారీ టైర్లు కడగాలి. వీటికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, రోజూ చూసే మనిషి ఉంటే చాలు.

వరిగడ్డి మనవాళ్లూ కాలుస్తారా?

కాలుస్తారు. చేత్తో కోసినంత కాలం గడ్డి వాముల్లోకి పోయేది. కోత మిషన్ వచ్చాక గడ్డి నలిగి పొలమంతా చెల్లాచెదురుగా పడుతోంది, కొయ్యలు ఎత్తుగా మిగులుతున్నాయి, ఏరించాలంటే కూలి గిట్టదు. తర్వాతి పంటకి దమ్ము చెయ్యాలన్న తొందరలో అగ్గి పెడతారు. పెన్నా డెల్టాలో మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదటి పంట కోతలప్పుడు, మళ్లీ ఎడగారు (రెండో పంట) కోతలయ్యాక ఆగస్టు, సెప్టెంబరుల్లో సాయంత్రాలు ఆ వాసన తెలుస్తుంది.

టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు మూడు కిలోల సన్న కణాలు గాలిలో కలుస్తాయని లెక్క. అదే టన్నులో పాతిక కిలోల దాకా పొటాష్, ఐదున్నర కిలోల నత్రజని ఉంటాయి. నత్రజని మొత్తం గాలికి పోతుంది. రైతుని దోషిగా నిలబెట్టి లాభం లేదు, అతనికి రెండు వారాల టైము, ఒక మిషను కావాలి. గడ్డిని చుట్టలు కట్టే బేలర్ మండలానికి కొన్నైనా అద్దెకి దొరికితే, పాడి ఉన్న ఊళ్లకి ఆ చుట్టలు అమ్ముకోవచ్చు. ఒంగోలు గిత్తలకి పేరున్న సీమలో ఒకవైపు గడ్డి కాలుతుంటే ఇంకోవైపు ఎండాకాలం పశువుకి మేత కొనుక్కుంటున్నామంటే కడుపు తరుక్కుపోతుంది.

పొగాకు బ్యారన్ల గురించి ఎక్కడా చదవలేదే?

అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తున్నాను. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, ఇటు నెల్లూరు వైపు కలిగిరి, ఇవన్నీ వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లు. ఆకు కోత మొదలైందంటే జనవరి నుంచి మార్చి దాటేదాకా బ్యారన్లు వెలుగుతూనే ఉంటాయి.

చూడనివాళ్ల కోసం: బ్యారన్ అంటే రెండంతస్తుల ఎత్తున ఉండే ఇటుక గది. లోపల కర్రలకి కట్టిన పచ్చాకు వరసలుగా వేలాడుతుంది. బయట పొయ్యి నోట్లో మొద్దులు పెడతారు, వేడి గొట్టాల గుండా గది నేలంతా తిరిగి, పొగ చిమ్నీలోంచి బయటికి పోతుంది. ఆకుకి పొగ తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. ఒక్క బ్యారన్ ఆకు పండి, ఎండి దిగడానికి ఐదారు రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ రాత్రిపూట కూడా ఒక మనిషి పొయ్యి దగ్గరే ఉండి, థర్మామీటర్ చూసుకుంటూ కట్టెలు ఎగదోస్తుండాలి. వేడి తగ్గితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. అందుకని ఆ మనిషి కదలడు. మొద్దు పచ్చిగా ఉందంటే పొగ తిరగబడి మొహం మీదికే వస్తుంది.

పాత పద్ధతి బ్యారన్‌లో కిలో ఎండాకుకి నాలుగైదు కిలోల కట్టె పోతుంది. చిమ్నీ ఎత్తు తక్కువ, కాలం చలికాలం, గాలి కదలని రాత్రులు. బ్యారన్లు గుంపుగా ఉన్న ఊళ్లో ఆ మూడు నెలలు తెల్లారిగట్ల పీల్చే గాలి ఏ పెద్ద నగరానికీ తీసిపోదని నా అభిప్రాయం. నగరాల గాలి గురించి మాట్లాడేవాళ్లు ఈ ఊళ్ల వైపు గాలి కొలిచే మిషన్లు పెట్టి చూడాలి. బ్యారన్‌కి బయట గోడలకీ పైకప్పుకీ వేడి పోకుండా పొర వేస్తే కట్టె తగ్గుతుంది. బాగా ఎండిన కట్టె వాడితే పొగ తగ్గుతుంది, ఖర్చు కూడా కలిసొస్తుంది.

చీమకుర్తి గ్రానైట్ దుమ్ము సంగతేమిటి?

చీమకుర్తి గెలాక్సీ రాయి వ్యాపారంలో గ్రానైట్ అయినా, భూగర్భ శాస్త్రంలో గాబ్రో జాతి రాయి. అందులో క్వార్ట్జ్ (సిలికాతో నిండిన ఖనిజం) తక్కువ. కాబట్టి అసలు గ్రానైట్ కోసేచోట ఉండేంత సిలికా భయం ఆ రాయితో ఉండదు. అలాగని దుమ్ము మంచిదేమీ కాదు. బ్లాస్టింగ్, డ్రిల్లింగ్, లారీల రోడ్లు పీఎం 10ని బాగా పెంచుతాయి. కోసే ఫ్యాక్టరీల్లో నీళ్లతో కోస్తారు కాబట్టి అప్పుడు దుమ్ము లేవదు, కానీ ఆ బురద ఆరాక పిండి అవుతుంది. రోడ్డు పక్కన పారబోసిన ఆ తెల్ల పిండి గాలికి లేస్తూనే ఉంటుంది.

సిలికాతో నిజమైన ప్రమాదం సైదాపురం వైపు తెల్లరాయి, అంటే క్వార్ట్జ్ పగలగొట్టే చోట్ల, మార్కాపురం వైపు పలకల పనిలో. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తుంది. వచ్చాక తగ్గించే మందు లేదు. చాలాసార్లు దాన్ని టీబీ అనుకుని మందులు వాడుతుంటారు, నిజానికి సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ కూడా తేలిగ్గా వస్తుంది. రాయి పనిలో ఉన్న మనిషికి దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకి చేసే పని గురించి ముందే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

ఏ నెలలు మనకి గడ్డువి?

డిసెంబరు చివర నుంచి మార్చి దాకా. ఢిల్లీలో అక్టోబరు, నవంబరు చెడ్డ నెలలైతే, మనకి అప్పుడు ఈశాన్య రుతుపవనాల వానలు. నెల్లూరుకి ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలల్లోనే పడుతుంది, గాలిని కడిగేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పడమటి వడగాలి దుమ్ము తెస్తుంది, అది ఎక్కువగా పెద్ద కణాల దుమ్ము.

రెండు యాప్‌లు రెండు నంబర్లు చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

ఆ నంబరుని ఏక్యూఐ అంటారు, అంటే గాలి నాణ్యత సూచీ. ముందు అది ఏ దేశపు ఏక్యూఐయో చూడండి. మన లెక్కలో పీఎం 2.5 రోజు సగటు 60 ఉంటే ఏక్యూఐ 100, అంటే "సంతృప్తికరం". అదే 60 అమెరికా లెక్కలో 150 దాటుతుంది. గాలి ఒకటే, కొలబద్దలు రెండు. పైగా మన అధికారిక ఏక్యూఐ 24 గంటల సగటు మీద కడతారు, చాలా ప్రైవేటు యాప్‌లు ఆ గంటది చూపిస్తాయి. మన లెక్కలో 100 దాకా పరవాలేదు, 101 నుంచి 200 ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు చూసుకోవాలి, 200 దాటితే అందరూ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యాప్ పేరు సమీర్.

ఇంకో మాట. ఊళ్లో ఎక్కడా గాలి కొలిచే మిషన్ లేకపోయినా ఫోను ఒక నంబరు చూపిస్తుంది. అది శాటిలైట్, వాతావరణ మోడల్ కలిపి వేసిన అంచనా. మీ వీధి చివర మండుతున్న చెత్తకుప్ప దానికి తెలియదు. చేత్తో నడిపే పాత రకం స్టేషన్లలోనేమో వారానికి రెండు రోజులే గాలి పడతారు, ఫలితం తర్వాతెప్పుడో వస్తుంది. కాబట్టి పొగ వాసన వస్తుంటే యాప్ ఏం చెప్పినా మీ ముక్కునే నమ్మండి.

ప్రభుత్వం ఏం చేస్తోంది?

2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. రాష్ట్రంలో 13 నగరాలు అందులో ఉన్నాయి, వాటిలో నెల్లూరు, ఒంగోలు. 2017-18తో పోల్చి 2025-26 నాటికి 40 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. నాకు దీంట్లో ఒక అభ్యంతరం ఉంది. తగ్గిందా లేదా అని చూసేది పీఎం 10తోనే. అందుకని డబ్బు రోడ్లు ఊడ్చే మిషన్లకీ, నీళ్లు చల్లే బండ్లకీ పోతోంది. దేశం మొత్తం మీద ఈ నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే ఖర్చయిందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ సంస్థ 2024లో లెక్క తీసింది, పరిశ్రమల మీద పెట్టింది ఒక శాతం కూడా లేదు. రోడ్డు మీద నీళ్లు చల్లితే గంట సేపు దుమ్ము లేవదు. పక్కనే ప్లాస్టిక్ మండుతుంటే ఆ నీళ్లు ఏం చేస్తాయి?

ఎక్కడైనా నిజంగా తగ్గించారా?

బీజింగ్‌లో 2013లో పీఎం 2.5 ఏడాది సగటు 89.5, 2021కి 33. ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో బొగ్గు పొయ్యిలు తీసేశారు, పాత బండ్లు తప్పించారు, ముఖ్యంగా చుట్టుపక్కల రాష్ట్రాలతో కలిపి ఒకే ప్లాన్ వేశారు. దుమ్ము కంటే ముందు మండేవాటి మీద పడ్డారు.

ఊపిరితిత్తులకేనా, ఇంకేమైనా అవుతుందా?

గుండెకి ఎక్కువ అవుతుంది. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 42 లక్షల మంది ముందే చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్లే. ఊపిరితిత్తుల కేన్సర్ 4 శాతం. 2013లో బయటి గాలి కాలుష్యాన్నే కేన్సర్ కారకంగా ప్రకటించారు. సన్న కణాలు ఒంట్లో వాపు పుట్టించి, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు ముందు దెబ్బతింటారు. "నాకు దగ్గు లేదు కాబట్టి నాకేం కాలేదు" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

కర్చీఫ్ కట్టుకుంటే సరిపోతుందా?

పెద్ద దుమ్ముకి కొంత. సన్న కణాలకి దాదాపు ఏమీ లేదు. ఎన్95 మాస్క్ అయితే 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 95 శాతం ఆపుతుంది, కానీ ముక్కు దగ్గర, చెంపల దగ్గర సందు లేకుండా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. పొయ్యి దగ్గర, రాయి దగ్గర, ట్రాఫిక్ పాయింట్లో పనిచేసేవాళ్లకి ఇది నిజంగా ఉపయోగం.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?

ఢిల్లీలో ఉంటే, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే కొనండి, సన్న కణాల్ని పట్టే హెపా ఫిల్టరు ఉన్నది, గది సైజుకి సరిపడేది చూసి. మన దగ్గర అయితే ముందు ఇంట్లో పుట్టే పొగ ఆపండి. నెల్లూరులో దోమల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తలుపులన్నీ మూసి, మంచం కింద దోమల చుట్ట వెలిగించి పిల్లల్ని పడుకోబెడతాం. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కకట్టింది. ప్యూరిఫయర్ డబ్బులో చిన్న భాగంతో కిటికీలన్నిటికీ దోమల మెష్, మంచానికి దోమతెర వస్తాయి. సాంబ్రాణి, అగరబత్తీ వెలిగించినప్పుడు కిటికీ తీసి ఉంచండి. గ్యాస్ ఉన్నా స్నానాల నీళ్లకి కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో ఆ పొయ్యి ఆరుబయటికి మార్చండి, పసిపిల్లల్ని చంకనేసుకుని దాని దగ్గర కూర్చోవద్దు.

భోగి మంట మానెయ్యాలా?

మానమని నేను చెప్పను. నాలుగు మొద్దులు, పిడకలు, తాటాకులతో వీధికొకటి పెట్టుకోండి, ఇంటికొకటి వద్దు. టైరు, ప్లాస్టిక్ కుర్చీ, పాత పరుపు మాత్రం వెయ్యొద్దు. అది భోగి సామాను కాదు. 2018 భోగి పొద్దున పొగకి చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాలే దిగలేకపోయాయి. సంవత్సరంలో గాలి పెద్దగా కదలని తెల్లవారుజాముల్లో అదొకటి.

చెట్లు నాటితే?

నాటండి, నీడకి, చల్లదనానికి. ఆకులు కొంత దుమ్ము పడతాయి. మంట ఆర్పడానికి చెట్టు బదులు కాదు.

మా వీధిలో రోజూ చెత్త తగలబెడుతున్నారు. ఎవరికి చెప్పాలి?

బహిరంగంగా చెత్త తగలబెట్టడం నేరం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో మామూలు మంటకి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 జరిమానా పెట్టింది. తగలబెట్టేది చాలాసార్లు ఊడ్చేవాళ్లే, ఎందుకంటే బండి రాలేదు, కుప్ప తీసుకెళ్లే దారి లేదు. కాబట్టి వాళ్ల మీద అరవకుండా, బండి ఎందుకు రావట్లేదని వార్డు సచివాలయంలో, కార్పొరేషన్‌లో అడగండి.

ఫ్యాక్టరీ, మిల్లు, క్వారీ, బూడిద రవాణా అయితే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయాలి, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. పట్టా కప్పని లారీలైతే రవాణా శాఖకి. ఏదీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీ. అర్జీలో "కాలుష్యం ఎక్కువగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఏ చిమ్నీ, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, గాలి ఎటు వీస్తోంది, పొగ ఏ రంగు, చుట్టుపక్కల బడి గానీ ఆసుపత్రి గానీ ఎంత దూరం, ఇవన్నీ రాయండి. తేదీ, టైము పడేలా తీసిన ఫోటోలు జతచేయండి. అధికారులు తనిఖీకి వచ్చే పగలు చాలా చోట్ల పొగ ఉండదు, రాత్రి వదులుతారు, ఆ సంగతి కూడా అర్జీలోనే రాసి రాత్రిపూట రమ్మని అడగండి. పదిమంది సంతకాలు పెట్టించండి, ఇచ్చాక రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి.